పీనుగు సమ్మె చేసిన రోజు

ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. వచ్చి ఫోన్లో తీసిన ఫొటోలు చూపిస్తారు. జలపాతం, పాడుబడ్డ కోట, మంచు పట్టిన రోడ్డు. లొకేషన్ మేనేజరంటే అందమైన చోట్లు కనిపెట్టేవాడని వాళ్ల నమ్మకం. అందమైన చోటు కనిపెట్టడానికి మనిషి అక్కర్లేదు, ఇప్పుడు ఆ పని ఫోనే చేస్తుంది. మా పని వేరు. ఒక ఇంటి గడప దగ్గర నిలబడి, ఆ ఇంటివాళ్లు సొంత చుట్టాలకు కూడా ఇవ్వనిదాన్ని కొన్నాళ్లు పరాయివాళ్ల చేతిలో పెట్టమని అడగాలి. పని అయ్యాక తీసుకున్నది తీసుకున్నట్టుగా అప్పజెప్పాలి. మొదటి సగం అందరూ నేర్చుకుంటారు. రెండో సగం నేర్చుకున్నవాళ్లను సినిమావాళ్లు ఎక్కువకాలం ఉంచుకోరు.

నేను గోదావరిఖనిలో పుట్టాను. నాన్నది బాయి పని. ఇక్కడ బొగ్గు గనిని బాయి అంటారు. నేను ఇంటర్ చదువుతుండగా లోపల కప్పు విరిగి పడి ఆయన పోయాడు. ఆయన ఉద్యోగం అన్నకు వచ్చింది, నేను హైదరాబాద్ వెళ్లాను. షూటింగుల్లో టిఫిన్లు మోశాను. తర్వాత సీరియళ్లకు ఇళ్లు చూసిపెట్టాను. ఒకే బంగళా, ఒకే మెట్లు. ఆ మెట్ల మీద నుంచి ఎంతమంది కోడళ్లను గెంటించారో నాకు గుర్తు లేదు. ఆ బంగళా యజమాని మాత్రం ప్రతి సీరియల్‌కూ సోఫా మీద కొత్త గుడ్డ వేయించేవాడు. సీరియళ్లలో నేను చూసిన నిజాయితీ అంతా ఆ సోఫాది. అక్కడి నుంచి సినిమాలకు ఎదిగాను. ఎదిగాను అన్న మాట ఆ రంగంలో వాడతారు కాబట్టి వాడుతున్నాను.

చెప్పబోయేది రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది. బొగ్గు గని కార్మికుడి కుటుంబం మీద సినిమా. థియేటర్ కోసం కాదు, ఇళ్లల్లో టీవీల్లో, ఫోన్లలో చూసేది. దర్శకుడు చదువుకున్నవాడు, మర్యాదస్తుడు, కార్మికులంటే గౌరవం ఉన్నవాడు. ఈ మూడూ కలిసిన మనిషి చేయగల హాని మొరటువాడు చేయలేడు. మొరటువాడిని జనం గడప దగ్గరే గుర్తుపడతారు.

చోటు చూడటానికి అతణ్ణి మొదటిసారి గని కార్మికుల క్వార్టర్ల లైనుకు తీసుకెళ్లాను. చూసి దిగులుపడ్డాడు. గోడలకు నిమ్మపండు రంగు సున్నం, గేట్ల దగ్గర తులసి కుండీలు, ముసుగులేసిన స్కూటర్లు, కిటికీలకు కూలర్లు.

"కోల్ ఎక్కడండీ?" అన్నాడు.

"బాయిలో," అన్నాను.

"అది కాదు. ఇక్కడ. ఈ జీవితాల్లో."

ఈ జీవితాల్లో బొగ్గు ఊపిరితిత్తుల్లో ఉంటుంది. అక్కడికి కెమెరా పోదు. రెండు రోజుల తర్వాత ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు హైదరాబాద్ నుంచి లారీలో నల్లపొడి బస్తాలు తెచ్చారు. ఈ బొగ్గు గనుల బెల్టుకు బయటి నుంచి బొగ్గుపొడి దిగుమతి చేసిన ఘనత బహుశా మాదే. సాయంత్రం పూట దాన్ని గోడల మీద, వాకిళ్లలో చల్లారు. తెల్లారి చూస్తే వాకిళ్లన్నీ కడిగి ఉన్నాయి, ముగ్గులు కూడా పడ్డాయి. మళ్లీ చల్లారు. మళ్లీ కడిగారు. దర్శకుడు నన్ను వెళ్లి ఆ ఆడవాళ్లకు చెప్పమన్నాడు. వెళ్లి చెప్పాను.

ఒకామె చీపురు ఆపకుండానే అంది: "మా ఆయన ఒంటి మీది బొగ్గు వదలగొట్టేటందుకే నా పానం పోతది సార్. మీరు బస్తాలల్ల తెచ్చి పోస్తుర్రా? మీ ఇంటికాడ ఎవలు లేరా వద్దనేటోళ్లు?"

ఆ సినిమాలో తండ్రి చచ్చిపోతాడు. శవం ఇంటి ముందు ఉంటుంది. షామియానా, డప్పులు, పాడె. చావు సీనుకు ఎవరూ ఇల్లివ్వరు. హైదరాబాద్‌లో అయితే అందుకోసమే అద్దెకిచ్చే కొంపలు ఉన్నాయి, వాటిల్లో మనుషులు ఉండరు. లైను చివర ఖాళీ క్వార్టరొకటి ఉంది, అక్కడ తీద్దామన్నాను. దర్శకుడు తల అడ్డంగా ఊపాడు. ఖాళీ ఇంట్లో జీవం ఉండదన్నాడు. శవం సీనుకు జీవం కావాలట.

నేనొక మాట వివరంగానే చెప్పాను. ఈ లైన్లలో పగటిపూట, మగవాళ్లు డ్యూటీలో ఉన్న వేళ, ఒక ఇంటి ముందు టెంటు పడిందంటే దానికి ఒక్కటే అర్థం. ఎవరూ ఆగి అడగరు. అడగడం తప్పనుకుంటారు. నేరుగా దగ్గరి చుట్టాలకు కబురు పోతుంది. "అదే నాకు కావలసిన ట్రూత్," అన్నాడు. నోట్ చేసుకున్నాడు కూడా.

చివరికి ఒక జంట ఒప్పుకుంది. భర్తది ఫస్టు షిఫ్టు. బాయి లోపల పని, పొద్దున దిగితే మధ్యాహ్నం దాటాక పైకొస్తాడు. సినిమాలంటే ప్రాణం. నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, "సావు సీను తీస్తె ఇంటాయనకు ఆయుష్షు పెరుగుతదంటరు గదన్న," అని నవ్వాడు.

భార్య నవ్వలేదు. "మొగుడు సచ్చినట్టు సిన్మా తీసుకొమ్మని ఇల్లిచ్చినదాన్ని ఈ బెల్టు మొత్తంల నేనొక్కదాన్నే కావచ్చు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అన్నా, ఒక్కటే మాట. మా ఇంటి మనిషి ఒక్కలు సుత కెమెరాల పడొద్దు. మావోళ్ల పేరు ఒక్కటి సుత అండ్ల రావద్దు. ఆయన రోజూ బాయిల దిగేటోడు. నీకు చెప్పేటిదేమున్నది, నువ్వు గీడోనివే."

ఆ మాట దర్శకుడికి ఆమె ముందే చెప్పాను. అతను గుండె మీద చెయ్యి వేసుకుని తల వంచాడు. ఆ అలవాటు అతనికి మొదటి నుంచీ ఉంది.

చెప్పాల్సినవాళ్లందరికీ చెప్పాను. పోలీస్ స్టేషన్, యూనియన్ ఆఫీసు, చుట్టుపక్కల లైన్లు. ఆటోకు మైకు కట్టించి రెండు పూటలా తిప్పాను. ఇక భర్త తల్లి. ఆమె కమాన్‌పూర్ దగ్గర ఊళ్లో ఒక్కతే ఉంటుంది. కోడలు ఫోన్ చేసి షూటింగ్ అని చెప్పింది, ఏ సీనో చెప్పలేదు. "చెప్తె అత్త నన్ను కాదు, మిమ్ములను తిడుతది," అంది నాతో.

షూటింగ్ రోజు పొద్దున్నే టెంటు వేశారు. దర్శకుడు కెమెరాను ఎదుటి డాబా మీద పెట్టించాడు. వ్యాన్లు, లైట్లు, జనరేటరు అన్నీ వెనక వీధిలోకి పోయాయి. రోడ్డు మీద నుంచి చూసేవాడికి సినిమా వాసన తగలకూడదన్నాడు. తగల్లేదు. అతని సినిమా మొత్తంలో పూర్తిగా సాధించింది అదొక్కటే. డప్పులవాళ్లు నిజం డప్పులవాళ్లు. చావు దరువే కొట్టారు.

శవం వేషం వేసిన నటుడు కోస్తా నుంచి వచ్చిన పెద్దాయన. నాటకాల్లో మొదలుపెట్టి సినిమాల్లో తండ్రిగా, తాతగా స్థిరపడ్డాడు. ఆ వయసు వేషాలకు చావు తప్పదు కాబట్టి చాలాసార్లు చచ్చాడు. ముక్కులో దూది, మెడలో దండ. షాటుకూ షాటుకూ మధ్య లేచి చాయ్ తాగేవాడు. లైను ఆడవాళ్లు గోడల మీద నుంచి చూసి ఒకటే నవ్వు.

"బాబాయ్, పీనుగులు చక్కెర ఎక్కువేసుకోవద్దు."

"చచ్చాక కూడా షుగరు గొడవేనా తల్లీ?" అనేవాడు ఆయన. ఎండ ముదరగానే మొహం మీద తెల్లగుడ్డ కప్పుకుని పడుకున్నాడు. షాటుకు పిలిచినప్పుడు గుడ్డ తీయమని చెప్పాడు.

మేము ఇట్లా ఉండగా, ఆ ఇంటాయన మేనమామ కొడుకొకడు ఆటోలో ఆ రోడ్డు మీద పోతూ టెంటు చూశాడు. డప్పు విన్నాడు. ఇల్లు ఎవరిదో తెలుసు, ఇంటాయన ఏ షిఫ్టులో ఉంటాడో తెలుసు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. బాయి లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, పైన పెట్టి పోతారు. అతను దిగలేదు. ఇక్కడివాళ్లెవరూ దిగరు. ముందు తల్లిని తేవాలి. ఆటోను అట్లాగే ఊరికి తిప్పించి, ఆమెను ఎక్కించుకుని వచ్చాడు. దారిలో ఏమీ చెప్పలేదట. చెప్పకపోతేనే ఆమెకు పూర్తిగా అర్థమైంది.

ఆటో టెంటు ముందు ఆగినప్పుడు నేను వెనక వీధిలో జనరేటరు వాడితో మాట్లాడుతున్నాను. డప్పులోంచి ఒక కేక వినిపించింది. జూనియర్ ఆర్టిస్టుల కేకలు పొద్దున్నుంచీ వింటున్నాను. ఇది అది కాదు. నేను గోడ చుట్టూ తిరిగి వచ్చేసరికి ముసలామె శవం కాళ్లు రెండూ పట్టుకుని, వాటి మీద నుదురు పెట్టి ఉంది. చుట్టూ కూర్చున్న జూనియర్ ఆర్టిస్టులు ఈమెవరో కొత్త మనిషిని పంపారనుకుని, పని నేర్చినవాళ్లు కాబట్టి తామూ గొంతు కలిపారు. పెద్దాయన కూడా అట్లాగే అనుకుని కదల్లేదు. డాబా మీద దర్శకుడు చెయ్యి పైకెత్తి, కెమెరా ఆపొద్దని సైగ చేస్తున్నాడు.

ఆమె కొడుకును పేరు పెట్టి పిలుస్తోంది. "పొద్దుగాల తిని పొయ్యినవా కొడుకా? నిన్న ఫోన్ల గొంతు బొంగురుపొయ్యింది గదా. సొంటి కాచుకొని వస్తనంటి. వద్దంటివి. ఎందుకు వద్దంటివి? బస్సు కిరాయి దండుగంటివి. ఇయ్యాల ఆటోల వచ్చిన సూడు కొడుకా..." మళ్లీ పేరు. మళ్లీ సొంటి. మాటలు సగంలో తెగి, ఎక్కడో అతుక్కుంటున్నాయి.

ఏడవటం వృత్తిగా చేసినవాడు కాబట్టి తేడా మొదట తెలిసింది ఆ పెద్దాయనకే. గుడ్డ తీసి లేచి కూర్చున్నాడు. ముక్కులో దూదితో, మెడలో దండతో శవం లేచి కూర్చుంటే ఆమె వెనక్కి పడిపోయింది. వంటింట్లోంచి కోడలు పరుగెత్తుకొచ్చి పట్టుకుంది.

"అత్తా, ఆయన డ్యూటీల ఉన్నడు. ఇది సిన్మా. ఆయన డ్యూటీల ఉన్నడే."

ఆమె నమ్మలేదు. నేను బాయి ఆఫీసుకు ఫోన్ చేయించాను. లోపలికి అడిగి, మంచిగానే ఉన్నాడని చెప్పారు. ఆ మాట ఆమెకు చెప్పాను.

"గట్లనే చెప్తరు బిడ్డా," అంది. "వీని అయ్య పొయ్యిననాడు సుత మంచిగనే ఉన్నడని చెప్పే తీస్కపొయ్యిర్రు నన్ను."

ఆమెను కారులో బాయి గేటుకు తీసుకెళ్లాను. షిఫ్టు దిగేదాకా గేటు బయట నేల మీద కూర్చుంది. నీళ్లిస్తే ముట్టలేదు. మనుషులు ఒక్కొక్కరే రావడం మొదలైంది. నెత్తిన టోపీలు, మొహాల నిండా మసి. అందరూ ఒక్కతీరుగానే కనిపిస్తారు. ఆమె మాత్రం దూరం నుంచే నడక చూసి లేచింది. ఎదురుపోయి చెంప మీద ఒకటి కొట్టింది. ఆ తర్వాత రెండు చేతులతో మొహమంతా తడిమి, చేతులకంటిన మసి చూసుకుంది.

"ఏందవ్వా? ఏమైంది?" అన్నాడు వాడు.

"ఏం కాలే. సొంటి తాగినవా?" అంది.

ఇంతవరకూ అయితే ఇది నవ్వుకునే కథే. లైనంతా నవ్వుకుంది కూడా. మాకు ఇక్కడ ఒక ఆచారం ఉంది. కాకి నెత్తిన తన్నితే దోషమంటారు. అప్పుడు ఆ మనిషి పోయాడని చుట్టాలకు అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు ఏడుస్తారు, తర్వాత నిజం చెబుతారు, తిట్లు తింటారు. ఆ ఏడుపుతో గండం పోయినట్టే. ఇంటికి వచ్చాక అవ్వ ఆ లెక్కలోనే సమాధానపడింది. "ఎక్కడనో కాకి తన్నే ఉంటది వీన్ని. చెప్పకుంటె నాకెట్ల ఎర్క," అంటూ చక్కెర తెప్పించి లైనంతా పంచింది. పెద్దాయన చేతిలో ఇంకో పిడికెడు ఎక్కువే పెట్టింది.

అప్పుడు దర్శకుడు డాబా దిగి వచ్చాడు. కళ్లలో నీళ్లు. గుండె మీద చెయ్యి.

"అమ్మా, నా కెరీర్‌లో ఇంత గొప్ప షాట్ తీయలేదు," అన్నాడు.

కోడలు నా మొహం చూసింది. "తీసిర్రా?"

"అంతా ఉంది. ఒక్క కట్ లేకుండా. ఈ సినిమాకు ప్రాణం ఇదే."

"తీసెయ్యుర్రి," అంది.

అతనికి అర్థం కాలేదు. చూసినవాళ్లందరూ ఏడుస్తారని, తల్లి ప్రేమ ఎట్లాంటిదో లోకానికి తెలుస్తుందని మెల్లగా చెప్పాడు. ఆమె మధ్యలోనే అందుకుంది.

"లోకానికి తెల్వకుంటె ఏమాయె? మా అత్త పేరు పెట్టి ఏడ్సింది సార్. ఒక్కపారి ఏడిస్తె గండం పొయ్యిందనుకుంటం. మీరు దాన్ని దాసిపెట్టి, ఎవలు బటన్ నొక్కితె వాళ్ల ఇంట్ల ఏడిపిస్తరు. ఆమె రోజూ ఏడుస్తనే ఉండాలె. ఈయన రోజూ బాయిల దిగాలె. గిదేం పద్ధతి?"

"పేరు వినిపించకుండా మ్యూట్ చేస్తాను."

"నోరు కదులుడు కనపడదా?"

దర్శకుడు నన్ను పక్కకు పిలిచాడు. "వీళ్ల మూఢనమ్మకాల కోసం నేను ఆర్ట్ చంపుకోలేను సార్," అన్నాడు. ఈ మనిషే షూటింగ్ మొదటిరోజు పంతులు చెప్పిన ఘడియ దాటుతోందని, ఉత్త చెట్టు కొమ్మ మీదకు కెమెరా తిప్పి మొదటి షాట్ తీశాడు. వ్యాన్లన్నిటి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాడు. కెమెరాకు కుంకుమబొట్టు ఇంకా అట్లాగే ఉంది. నేను ఆ బొట్టు వైపు చూశాను. అతను చూడలేదు. తనది ఆచారమని, ఎదుటివాడిది మూఢనమ్మకమని నమ్మడానికి పెద్ద చదువే కావాలి.

"మేనేజ్ చేయండి. అదే కదా మీ పని," అన్నాడు. నిర్మాత ఫోన్లో అదే మాట అన్నాడు, కొంచెం పెద్ద గొంతుతో.

"ఈ ఇల్లు ఇచ్చినప్పుడు ఆమె పెట్టిన షరతు ఆమె ముందే మీకు చెప్పాను," అన్నాను. "ఆ షరతు పోతే ఇల్లు పోయినట్టే. ఈ లైన్లో ఇంకో ఇల్లు దొరకదు."

"అవసరం లేదు. మిగిలింది శవం క్లోజప్‌లే. ఎక్కడైనా తీసుకుంటాను."

అప్పటికి భర్త స్నానం చేసి, తల తుడుచుకుంటూ వచ్చాడు. మొత్తం విన్నాడు. "సార్," అన్నాడు దర్శకుడితో, మర్యాదగానే. "సచ్చింది నేను గద. నా పేరు మీద ఏడుపు. మరి నన్నడుగుర్రి. పీనుగే చెప్తున్నది, తీసెయ్యుర్రి."

దర్శకుడు అతని భుజం తట్టాడు. మీకు సినిమా వచ్చాక అర్థమవుతుందన్నాడు. హోటల్‌కు వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున అతను డ్యూటీకి తయారైతే తల్లి గేటుకు అడ్డంగా కూర్చుంది. ఆమెను బతిమాలి, దాటి పోవడానికి వాడికి చాలాసేపు పట్టింది. దాటి పోయాడు గానీ, భార్య ఆ పొద్దున పొయ్యి ముట్టించలేదు. నేను చూసింది చెబుతున్నాను. నమ్మకం నిజమా కాదా అన్నది తర్వాతి సంగతి. ఆ ఇంట్లో భయం నిజం. దాన్ని తెచ్చింది మేము.

ఆ పొద్దునే షూటింగ్ కూడా అదే వాకిట్లో మొదలుకావాలి. పాడె అక్కడే ఉంది, ముందటి రోజు షాటుకు అతకాలి కాబట్టి. ఎక్కడైనా తీస్తానన్న దర్శకుడు, టెంటు ఎట్లాగూ ఉంది కదా అని ఇంకొక్క పూట అక్కడే గడిపేసి పోదామనుకున్నాడు. పెద్దాయన మేకప్ వేసుకుని వచ్చాడు. ముక్కులో దూది, దండ, అన్నీ ఉన్నాయి. పాడె దాకా వచ్చి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"రండి సార్, పడుకోండి," అన్నాడు అసిస్టెంటు.

"పడుకోనండీ."

"ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఆవిడ ఏడుపు చెరిపేసేదాకా నేను చావను."

దర్శకుడు వచ్చాడు. ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత తన సినిమా ఉద్దేశం చెప్పాడు. పెద్దాయన అంతా విన్నాడు. "బాబూ, ఆ తల్లి నా కాళ్లు పట్టుకుని ఏడ్చింది," అన్నాడు. "నా సొంత కొడుకు కూడా రేపు అంత ఏడవడు. అది నాది కాదు. నాది కానిది నా కాళ్ల మీద పెట్టుకుని లోకమంతా తిరగలేను. మీకింకో శవం దొరుకుతుందేమో చూసుకోండి."

దొరకదు. అప్పటికే సగం సినిమా ఆయన మొహం మీద తీసి ఉంది.

ఈ కబురు లైను దాటడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ ఊళ్లో ఎవరికైనా ఏ మాటైనా విడమరచి చెప్పాలి గానీ, సమ్మె అంటే చెప్పక్కర్లేదు. సెకండ్ షిఫ్టువాళ్లు, రిటైరైనవాళ్లు, ఆడవాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నా అన్న వయసువాడు, బాయి దగ్గర యూనియన్ పని చేసినవాడు ఒకాయన ముందుకొచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"కాకా, ఇది నోటీసు ఇచ్చి చేస్తున్నవా, మెరుపు సమ్మెనా?"

"ఏదైతే తొందరగా తెగుతుందో అదే అనుకో నాయనా."

"మెరుపు సమ్మె అయితె చాయ్ మాది. నోటీసుదైతె నీదే."

చాయ్ వచ్చింది. మిరపకాయ బజ్జీలు వచ్చాయి. ఒకామె ఆయన మెడలోని దండ వాడిపోయిందని కొత్తది తెచ్చి వేసింది. సమ్మెలో ఉన్న నాయకుడికి వేసిన దండో, శవానికి వేసిన దండో ఎవరికీ పట్టింపు లేదు. వెనక నుంచి ఒకడు, "మా బెల్టుల పని బంద్ చేసినోళ్లు మస్తుమంది ఉన్నరు గని, సచ్చుడు బంద్ చేసినోన్ని ఇప్పుడే సూస్తున్న," అన్నాడు.

పెద్దాయనతో సమానంగా నిలబడ్డానని చెప్పుకోను. నాకు మిగిలిన ఉద్యోగం తక్కువ. ఆయనకు అది బతుకుదెరువు. నేను చేసింది ఒక్కటే. దర్శకుడు వేరే చోటు చూడమన్నప్పుడు, ఈ బెల్టులో నేను చూడనని చెప్పి, ఇంకో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

మధ్యాహ్నానికి తెగింది. నిర్మాత ఫోన్లో లెక్కలు వేసుకుని ఉంటాడు. చెరిపేయమన్నాడు. చెరిపేసే పని కోడలి ముందే జరగాలని పెద్దాయన పట్టుబట్టాడు. మానిటర్ తెచ్చి వాకిట్లో పెట్టారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూసింది. మాట వినిపించకుండా, బొమ్మ ఒక్కసారి వచ్చి పోయింది. "ఇంక యాడన్న ఉన్నదా?" అంది. హోటల్‌లో రెండో కాపీ ఉంది. తెప్పించారు. అదీ పోయింది. "ఇంక యాడన్న?" అని మళ్లీ అడిగింది. లేదన్నారు. ఆమె నన్ను చూసింది. నేను డాటా చూసుకునే కుర్రవాడి మొహం చూశాను. లేదనే అనిపించింది. తల ఊపాను. ఆమె లోపలికి పోయి పొయ్యి ముట్టించింది.

పెద్దాయన లేచి చొక్కా సర్దుకుని పాడె మీద పడుకున్నాడు. "ఇక కానివ్వండి బాబూ," అన్నాడు. ఆ రోజు ఆయన చాలా బాగా చచ్చాడు. ఆ తర్వాత ఆ నిర్మాత సినిమాల్లో ఆయన కనిపించలేదు. ఇబ్బంది పెట్టే మనిషని పేరు పడిందట. మా రంగంలో సిగ్గున్నవాణ్ణి అట్లా పిలుస్తారు.

దర్శకుడు మాట నిలబెట్టుకున్నాడు. ఆ షాటు ఎక్కడా వాడలేదు. కానీ చెవులు అతనివే కదా. సొంటి, బస్సు కిరాయి, ఆటో, అన్నీ విన్నాడు. హైదరాబాద్ వెళ్లి, పేరున్న నటి చేత అదే ఏడుపు ఏడిపించాడు. కొడుకును భర్తగా మార్చాడు, పేరు మార్చాడు, వరస సరిచేయించాడు. నల్ల బంగారం నా తాళి మింగిందన్న మాట డైలాగు రైటర్ చేత చేర్పించాడు. ఈ బెల్టులో నేను చాలా చావులు చూశాను. మా అమ్మ ఏడుపు విన్నాను. నల్ల బంగారం అన్న మాట ఏ ఆడమనిషి నోటా రాలేదు. నా భార్య పోయి ఏడాది దాటింది. ఆ పూట నా నోట్లోంచి వచ్చిన మాట, గ్యాసు ఆఫ్ చేశారా అని. డైలాగు రైటర్లకు అది పనికిరాదు.

సినిమా వచ్చింది. ఆ ఏడుపు గురించి పేపర్లలో రాశారు. దర్శకుడు ఇంటర్వ్యూల్లో, కార్మికుల కన్నీళ్లను దగ్గరగా చూశానని చెప్పాడు. అది అబద్ధం కాదు.

నేను రిటైరై గోదావరిఖనికి వచ్చేశాను. ఒకరోజు అటు పోతూ ఆ ఇంటికి వెళ్లాను. ఇంటాయన డ్యూటీ నుంచి వచ్చి నిద్రపోతున్నాడు. అవ్వ ఊరి నుంచి వచ్చి ఉంది, టీవీ ముందు కూర్చుంది. కోడలు నాకు చాయ్ ఇస్తూ, "అన్నా, గా సిన్మానే," అంది చిన్నగా. తండ్రి పోయే సీను దగ్గరికొచ్చింది. కోడలు రిమోట్ అందుకోబోయింది. అవ్వ, ఉండనియ్యమన్నట్టు చెయ్యి చూపింది.

నటి పాడె మీద పడి ఏడ్చింది. సొంటి వచ్చింది, బస్సు కిరాయి వచ్చింది, ఆటో వచ్చింది. ఒక్క మాట తెగలేదు. జుట్టు ఎంత చెదరాలో అంతే చెదిరింది. పేరు వచ్చినప్పుడు అవ్వ మెడ కొంచెం ముందుకు చాపి వింది. వేరే పేరు. వెనక్కి ఆనుకుంది. ఆ మాటలు తనవని ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియలేదు. ఆ రోజు ఏమన్నదీ ఆమెకే తెలియదనుకుంటాను.

కాసేపు చూసి నా వైపు తిరిగింది.

"ఈమె ఎవలి కోసం ఏడుస్తున్నది బిడ్డా?"

"ఎవరి కోసమూ కాదవ్వా. సినిమా."

"గదే అనుకుంటున్న," అంది. "గందుకే గంత సక్కగ ఏడుస్తున్నది."